జాంగో నెమ్మదా, మన కోడ్ నెమ్మదా?

వాకాడు రొయ్యలు: రొయ్యల ధరలు చూపించే వెబ్ యాప్ మాది, జాంగోలో (వెబ్‌సైట్లు కట్టే పైథాన్ సాధనం) రాశాం. కోట, వాకాడు, ముత్తుకూరు రైతులు తెల్లారేసరికి గుంట గట్టు మీదే ఫోన్ తీస్తారు, 30 కౌంట్ (కిలోకి 30 రొయ్యలు) ఎంత, 100 కౌంట్ ఎంత అని. పేజీ రావడానికి 4 సెకన్లు పడుతోంది. అంతా గో భాషలో మళ్ళీ రాద్దామని మా పార్ట్‌నర్ పట్టు. ఆరు నెలల పని. ఏమంటారు?

ఒంగోలు బ్యాకెండ్: రాసేయండి. పైథాన్‌ని ఎంత తోమినా ఇంతే. గిల్ అనే తాళం వల్ల ఒక ప్రాసెస్‌లో ఒక్కసారికి ఒక్క థ్రెడ్డే, అంటే ఒక్క పని వరసే, నడుస్తుంది. గోలో ఆ బెడద లేదు. వేగం కొలిచే బెంచ్‌మార్కుల్లో జాంగో ఎక్కడుందో చూడండి.

కావలి పాతకాపు: డేటాబేస్ జవాబు కోసం ఆగినప్పుడు ఆ తాళం వదిలేస్తుంది కదా అబ్బయా, దాన్నెందుకు తిట్టడం? ముందు డీబగ్ టూల్‌బార్ (పేజీ వెనక ఏం జరిగిందో చూపే పట్టీ) పెట్టి, ఆ ఒక్క పేజీకి డేటాబేస్‌ని అడిగే క్వెరీలు ఎన్ని పోతున్నాయో చెప్పండి.

వాకాడు రొయ్యలు: 183! నాకే నమ్మబుద్ధి కాలేదు. పేజీలో ఉన్నవి 91 ధరలే.

కావలి పాతకాపు: దొరికాడు దొంగ. జాబితాకి ఒకటి. టెంప్లేట్‌లో లూప్ తిరిగేటప్పుడు ఒక్కో ధరకీ వ్యాపారి పేరు కోసం ఒకటి, అతని ఊరి కోసం ఇంకొకటి. ట్రంకు రోడ్డుకి పోయి ఉప్పు తెచ్చి, ఇంటికొచ్చి, మళ్ళీ పప్పుకి పోయినట్టు. మీ డేటాబేస్ వేరే సర్వర్లో ఉందా? పోయి రావడానికి 20 మిల్లీసెకన్లు అనుకున్నా 183 సార్లకి 3.66 సెకన్లు. జాంగోలోని సెలెక్ట్ రిలేటెడ్‌లో వ్యాపారినీ ఊరినీ రాయండి, జాయిన్ వేసి, అంటే పట్టికలు కలిపి, ఒక్క క్వెరీలో తెస్తుంది. డేటాబేస్ కనెక్షన్‌ని ఎంతసేపు తెరిచి ఉంచాలో చెప్పే సెట్టింగ్, కాన్ మ్యాక్స్ ఏజ్, అదీ చూడండి. డిఫాల్ట్ సున్నా, అంటే ప్రతి రిక్వెస్టుకీ కొత్త కనెక్షనే.

ఒంగోలు బ్యాకెండ్: డేటాబేస్ పేరు చెప్పి బెంచ్‌మార్కుల్ని కొట్టిపారేయొద్దు సామీ, వాటిలో డేటాబేస్ పరీక్షలూ ఉంటాయి. ఐనా ఈ 183 నాకు తట్టలేదు, ఒప్పుకుంటా.

ముత్తుకూరు: ధరలు రోజుకి ఒకట్రెండుసార్లేగా మారేది? తయారైన పేజీ కాపీని అయిదు నిమిషాలు క్యాష్‌లో దాచి, అదే అందరికీ చూపిస్తే పోలా?

ఒంగోలు బ్యాకెండ్: ధర పెరిగిన పూట ఆ అయిదు నిమిషాల్లోనే రైతు పాత ధరకి బేరం ఒప్పేసుకుంటే? పెడితే, ధర మార్చిన క్షణంలో క్యాష్ చెరిగేలా పెట్టండి. లేదంటే వద్దు.

వాకాడు రొయ్యలు: సెలెక్ట్ రిలేటెడ్ పెట్టా, క్వెరీ ఒక్కటే. పేజీ సెకనులోపే వస్తోంది. తీరా చూస్తే జాంగోని నడిపే సర్వర్ గునికార్న్‌లో వర్కర్ (రిక్వెస్టులకి జవాబిచ్చే ప్రాసెస్) కూడా ఒక్కటే నడుస్తోంది, అది డిఫాల్టంట. రెండు కోర్ల మెషిన్ కాబట్టి, కోర్లకి రెండింతలు, పైన ఒకటి అన్న లెక్కన 5 పెట్టా. క్యాష్ సంగతి ఇంకా తేలలేదు. మా పార్ట్‌నర్ మాత్రం గో పాఠాలు మానలేదు.