యావరేజ్ 58 ఎఫ్‌పీఎస్ వస్తోంది, అయినా స్క్రోల్ పట్టిపట్టి కదులుతోంది

ప్రశ్న:
కిరాణా కొట్ల కోసం కంపోజ్‌లో (ఆండ్రాయిడ్ స్క్రీన్లు కట్టే టూల్‌కిట్) ఒక ఆండ్రాయిడ్ యాప్ రాస్తున్నాను. సరుకుల లిస్టులో ఫొటోలతో కలిపి 400 దాకా ఐటమ్స్ ఉంటాయి. కొరియోగ్రాఫర్ కాల్‌బ్యాక్ (కొత్త ఫ్రేము గీసే ముందు ఆండ్రాయిడ్ పిలిచే కోడ్) పెట్టి సెకనుకు ఎన్ని ఫ్రేములో (ఎఫ్‌పీఎస్) లెక్కపెడితే యావరేజ్ 58 వస్తోంది, కానీ కొట్టాయన తన పాత ఫోన్‌లో వేలితో లాగితే మధ్యమధ్యలో ఆగుతోంది. రేపు మళ్లీ ఆయనకు చూపించాలి, టెన్షన్‌గా ఉంది. దీన్ని సరిగ్గా ఎలా కొలవాలి?

జవాబు 1:
ముందు యావరేజ్ చూడటం మానేయండి. 60 హెర్ట్జ్ స్క్రీన్‌లో, అంటే సెకనుకు 60 సార్లు మారే దాంట్లో, ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.67 మిల్లీసెకన్లు. ఒక సెకనులో ఒకే ఒక్క ఫ్రేము 100 మిల్లీసెకన్లు తినేసి, మిగతావన్నీ టైముకే వచ్చాయనుకోండి, లెక్క 55 చూపిస్తుంది, బాగానే ఉందనిపిస్తుంది, కంటికి మాత్రం ఆ కుదుపే తగులుతుంది. యూఎస్‌బీ తగిలించి ఏడీబీ షెల్‌లో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు కమాండ్లు ఇచ్చే టూల్) డంప్‌సిస్ జీఎఫ్ఎక్స్‌ఇన్ఫో, పక్కన మీ ప్యాకేజీ పేరు, చివర రీసెట్ అని కొట్టండి. కాసేపు స్క్రోల్ చేసి, రీసెట్ తీసేసి మళ్లీ అదే కమాండ్. జాంకీ ఫ్రేములు, అంటే ఆలస్యమైనవి, ఎంత శాతమో, 50, 90, 95, 99 పర్సంటైల్ దగ్గర ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 99 చూడండి, అంటే నూటికి 99 ఫ్రేములు ఎంత టైములోపు వచ్చాయో.

జవాబు 2:
డీబగ్ బిల్డ్ (తప్పులు వెతకడానికి వాడే వెర్షన్) మీద కొలవకండి దయచేసి! కంపోజ్ డీబగ్‌లో బాగా నెమ్మదిగా ఉంటుంది, నేను అలాగే రెండు రోజులు లేని జబ్బుకు మందు వెతికాను. ఆర్8 (కోడ్‌ను కుదించి వేగం పెంచే టూల్) ఆన్ చేసిన రిలీజ్ బిల్డ్, అంటే వాడేవాళ్లకు ఇచ్చే వెర్షన్, అదీ ఆ కొట్టాయన ఫోన్ లాంటి దాంట్లోనే పెట్టి చూడండి. 120 హెర్ట్జ్ ఫోన్ అయితే ఫ్రేముకు 8.33 మిల్లీసెకన్లే ఉంటాయి, అక్కడ 16తో పోల్చకూడదు.

ప్రశ్న అడిగినవారు:
రిలీజ్‌లో చూశానండి. 90 పర్సంటైల్ దాకా 16 లోపే ఉంది, 99 దగ్గర 60 దాటింది. పర్ఫెట్టో ట్రేస్ (ఏ పని ఎంత టైము తిందో చూపే రికార్డు) తీస్తే దొరికింది: ఫొటోను పూర్తి సైజులో, స్క్రీన్ గీసే మెయిన్ థ్రెడ్ మీదే డీకోడ్ చేస్తున్నాను (ఫైలు నుంచి బొమ్మగా విప్పడం). బ్యాక్‌గ్రౌండ్‌కు మార్చి, సైజు తగ్గించాక కుదుపు పోయింది.

జవాబు 1:
సంతోషం. ఇప్పుడే ఆ స్క్రోల్‌కు ఒక మాక్రోబెంచ్‌మార్క్ టెస్ట్ (యాప్ వేగాన్ని తనంతట తానే కొలిచే టెస్ట్) రాసిపెట్టుకోండి, ఫ్రేముల టైము కొలిచే ఫ్రేమ్‌టైమింగ్‌మెట్రిక్‌తో. ఆండ్రాయిడ్ 12, ఆ పైన అయితే ఫ్రేమ్ ఓవర్‌రన్ (ఫ్రేము గడువు కన్నా ఎంత ఎక్కువ లేదా తక్కువ టైము పట్టిందో) కూడా ఇస్తుంది, అది సున్నా దాటితే ఫ్రేము ఆలస్యమైనట్టే. రేపు ఇంకో ఫీచర్ కలిపినప్పుడు కొట్టాయన కన్నా ముందు మీకే తెలుస్తుంది.