బండీకి నిజంగా అంత తెలివి ఉందా?

నిశిరాత్రి:
టెడ్ బండీ, గ్యారీ రిడ్జ్‌వే, హెరాల్డ్ షిప్‌మన్. ముగ్గురూ వరుస హత్యలు చేసినవాళ్లు, మొదటి ఇద్దరూ అమెరికావాళ్లు. నెల రోజులుగా ఈ ముగ్గురి గురించే చదువుతున్నాను. నా లెక్కలో బండీకి మిగతా ఇద్దరూ సాటి రారు. చేతికి ఉత్తుత్తి కట్టు కట్టుకుని సాయం అడిగేవాడు. సైకాలజీ డిగ్రీ, ఆపైన లా చదువు. 1977లో రెండుసార్లు కస్టడీ నుంచి తప్పించుకున్నాడు. 30 హత్యలు ఒప్పుకున్నాడు. మరణశిక్ష వేసిన జడ్జే నువ్వు మంచి లాయరువి అయ్యేవాడివి అన్నాడు.

గోరింట:
నేను ఒప్పుకోను. తెలివైనవాడైతే పోలీసులకు మూడుసార్లూ ఒకేలా దొరుకుతాడా? 1975 ఆగస్టు, 1977 జూన్, 1978 ఫిబ్రవరి. ప్రతిసారీ రాత్రిపూట కారు నడుపుతూనే దొరికాడు. చివరి రెండుసార్లూ దొంగిలించిన కార్లు. లాయర్లు 75 ఏళ్ల జైలుకు ఒప్పందం కుదిరిస్తే ఆఖరి నిమిషంలో కాదన్నాడు. 1989లో ఎలక్ట్రిక్ చైర్‌లో ప్రాణం పోయింది.

నిశిరాత్రి:
మరి జడ్జి అన్న మాట?

పాతఫైలు:
షిప్‌మన్‌ని అలా వదిలేశారేం? ఇంగ్లండ్‌లో హైడ్ అనే ఊళ్లో డాక్టర్. శిక్ష పడింది 15 హత్యలకే, తర్వాత విచారణలో తేలినవి 215. డయామార్ఫిన్ (మందుగా వాడే హెరాయిన్) ఇంజెక్షన్ ఇచ్చి, వయసు మీద పడి పోయారని రాసేసేవాడు. అప్పట్లో అక్కడ దహనానికి రెండో డాక్టర్ సంతకం కావాల్సి వచ్చేది. ఆ సంతకాలు పెట్టే పక్క క్లినిక్ వాళ్లకే అనుమానం వచ్చి 1998 మార్చిలో చెప్పారు. పోలీసులు పైపైన చూసి ఫైలు మూసేశారు. ఆ తర్వాత ఇంకో ముగ్గురిని చంపాడు. చివరికి ఒక పెద్దావిడ ఆస్తి తన పేరున రాసినట్టు సొంత టైప్‌రైటర్ మీద దొంగ వీలునామా కొట్టాడు. ఆవిడ కూతురు లాయరు, చూడగానే పట్టేసింది. పేషెంట్ల రికార్డుల్లో పాత తేదీలతో కొత్త జబ్బులు చేర్చాడు కానీ, ఏది ఎప్పుడు టైప్ చేశాడో కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుందని అతనికి తెలియదు.

సంధ్యవేళ:
ముగ్గురి ఐక్యూ ఎంతో ఎవరైనా చెప్పండి.

గోరింట:
ఐక్యూతో ఏం పని? రిడ్జ్‌వేది సగటు కంటే తక్కువే. లారీలకు రంగులు వేసేవాడు. 1982లో అమెరికాలో గ్రీన్ రివర్ అనే నదిలో శవాలు దొరకడం మొదలైంది, అతను పట్టుబడింది 2001లో. 49 హత్యలకు నేరం ఒప్పుకున్నాడు. 1983లోనే కనబడకుండా పోయిన ఒకమ్మాయి కోసం ఆమె తండ్రి, స్నేహితుడు వీధులన్నీ గాలించి అతని పికప్ ట్రక్కును ఇంటి ముందే పట్టుకున్నారు. పోలీసులు తలుపు కొట్టారు, నాకేం తెలియదన్నాడు, వెళ్లిపోయారు. 1987లో ఉమ్మి నమూనా తీసుకున్నారు, డీఎన్ఏ పరీక్షలో అది సరిపోలింది 2001లో. ఒళ్లు అమ్ముకునేవాళ్లు కనబడకపోతే ఎవరూ వెంటనే ఫిర్యాదు చెయ్యరని, అందుకే వాళ్లని ఎంచుకున్నానని కోర్టులో తనే చెప్పాడు. ఇందులో అతని తెలివి ఎక్కడుంది?

నిశిరాత్రి:
మీరు జడ్జి మాటకు జవాబివ్వకుండా రిడ్జ్‌వే మీదికి దూకారు. నేను బండీ గురించి అడుగుతున్నాను.

గోరింట:
జడ్జి, జడ్జి! హంతకులకు ర్యాంకులు ఇవ్వడం ఆపండి ముందు. మా పిన్ని కూతురు కనబడకుండా పోయినప్పుడు స్టేషన్‌లో ఏమన్నారో తెలుసా? "ఎవడితోనో వెళ్లిపోయుంటుంది, రెండ్రోజులు చూడండి" అన్నారు. పిన్ని ఫోటో పట్టుకుని బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుంది. ఆ ఫోటో చేతిలోకి తీసుకున్నవాడు లేడు. ఆరో రోజున రాసుకున్నారు కంప్లయింట్. ఇప్పటికీ దొరకలేదు. రిడ్జ్‌వే లాంటివాళ్లకు ఇరవై ఏళ్లు ఇచ్చేది ఆ బెంచీ.

పాతఫైలు:
అయ్యో. తెలియదమ్మా.

నిశిరాత్రి:
మీ బాధ అర్థమైంది గోరింట గారూ. కానీ ఒకటి చెప్పండి. బండీ అంత మొద్దు అయితే, అతన్ని నమ్మి కారు దాకా వెళ్లిన ఆడపిల్లలు ఏమవుతారు? మా అక్క ఒకణ్ణి నమ్మింది. మాటకారి. ఇంటిల్లిపాదినీ నమ్మించాడు. ప్రాణాలతో బయటపడింది, అంతే. ఆనాటి నుంచి ప్రతి పెళ్లిలో, ప్రతి పేరంటంలో అదే మాట: "ఆ మాత్రం కనిపెట్టలేకపోయావా?" వాడు మామూలువాడు కాదు అని నేను అందుకే అంటాను. వాడు దద్దమ్మ అని తేలితే మా అక్కనే తప్పుపడతారు.

గోరింట:
ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది మీరు. చేతికి కట్టు ఉన్నవాడు సాయం అడిగితే చెయ్యడం తెలివితక్కువతనం కాదు. మీ అక్క కూడా తప్పు చెయ్యలేదు. దానికోసం వాణ్ణి మేధావిని చెయ్యక్కర్లేదు. 1974లో బండీ పేరు పోలీసులకు చెప్పినవాళ్లు ఉన్నారు, అతని ప్రియురాలే చెప్పింది. లా చదివే కుర్రాడు, పాత కేసులు లేవు అని పక్కన పెట్టారు. మోసపోయింది వాళ్లు కూడా.

నిశిరాత్రి:
రిడ్జ్‌వే విషయంలో ఒప్పుకుంటున్నాను. బండీ విషయంలో ఇంకా ఒప్పుకోలేను. ప్రియురాలు చెప్పిన సంగతి నాకు తెలియదు, రేపు చదువుతాను.

సంధ్యవేళ:
గోరింట గారూ, మీ పిన్ని కూతురి కేసు ఇంకా తెరిచే ఉందా?

గోరింట:
తెరిచే ఉందంటారు. అడిగిన ప్రతిసారీ కొత్త ఎస్సై ఉంటాడు. మళ్లీ మొదటి నుంచి చెప్తాం.