పెళ్ళి వంటలకి ఆరు కత్తులు కొనాలి: కమాను పట్టీవా, జపాన్ స్టీలువా?

పర్లాకిమిడి వంటసాల

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇటు కాశీనగర్ నుంచి అటు పాతపట్నం దాకా పెళ్ళిళ్ళకి వంట చేస్తాం. తరిగేవాళ్ళం నాతో కలిపి ఆరుగురం. ఉన్న కత్తులు అరిగి అరిగి చేపముల్లులా అయిపోయాయి. ముహూర్తాలు మొదలయ్యేలోపు ఆరు కొత్తవి కొనాలి.

ఇన్నాళ్ళూ సంతలో కమ్మరి దగ్గర కొన్నవే వాడాం. లారీ కమాను పట్టీని కొలిమిలో సాగదీసి చేసిన కత్తులు. తెల్లవారుజామున మూడింటికి గుమ్మడికాయతో మొదలుపెడితే, ఉల్లిపాయల బస్తా సగం అయ్యేసరికి టమాటా తొక్క మీద జారిపోతుంటాయి. రాయి మీద పదిసార్లు అటూ ఇటూ లాగితే మళ్ళీ దారికొస్తాయి. ఈమధ్య బెంగుళూరులో ఉండే మా మేనల్లుడు ఒక జపాన్ కత్తి తెచ్చిచ్చాడు. దాని మీద వీజీ-10 అని ఉంది. నేనొక్కణ్ణే వాడుకున్నాను. రెండు పెళ్ళిళ్ళు, ఒక పదకొండో రోజు భోజనాలు అయ్యాయి, రాయి ముట్టలేదు. నాలుగో పనికి నేను పొయ్యి దగ్గరుంటే మా కుర్రాడొకడు దాంతో పనసకాయ చీల్చబోయాడు. మధ్యలో ఇరుక్కుంటే పక్కకి మెలిపెట్టాడు. వాదరలో బియ్యపు గింజంత ముక్క ఎగిరిపోయింది. వాణ్ణి తిట్టాలో, కత్తిని తిట్టాలో తెలీలేదు.

మేనల్లుడేమో "ఆరూ అవే కొను మావయ్యా" అంటాడు. మా పాత మేస్త్రీ ఇనప కత్తి ముందు స్టీలు కత్తి బొమ్మ అంటాడు. వాడినవాళ్ళు చెప్పండి.

గుణుపురం కొలిమి

మా తాత, నాన్న కమ్మరులు. నేను ఆటో నడుపుతాను గానీ ఆదివారం మాత్రం కొలిమి దగ్గరే. మీ మేస్త్రీ మాటే నాదీ. పనస చీల్చినా, కొబ్బరి కొట్టినా కమాను పట్టీ అంత తొందరగా విరగదు. లారీ కింద ఎన్ని గుంతలు ఓర్చుకున్న ఇనుమండీ అది!

కాకపోతే మీ కత్తి సగం బస్తాకే చేతులెత్తేస్తోందంటే తప్పు ఇనుముది కాదు, కొలిమిలో కాల్చి ముంచి దానికి పెట్టిన పదునుది. లారీకి ఉన్నప్పుడు ఆ పట్టీ స్ప్రింగుకి తగ్గ గట్టిదనంలోనే ఉంటుంది, కత్తికి అది చాలదు. మళ్ళీ కాల్చి ముంచాలి. సంతకి సరుకు అందాలన్న తొందరలో కొందరు సరిగ్గా ఎర్రబడకుండానే నీళ్ళలో చుయ్యిమనిపించి పిడి తొడిగేస్తారు.

మా నాన్న కొలిమి పక్కన ఒక పాత స్పీకరు అయస్కాంతం తీగకి వేలాడదీసి ఉంచుతాడు. ఎర్రబడ్డ కత్తికి అది అంటుకోవడం మానేసిందంటే, ఇంకాస్త గాలి కొట్టి, రంగు నారింజ వైపు తిరగ్గానే తీసి గోరువెచ్చటి నూనెలో ముంచుతాడు. నీళ్ళలో కాదు. ఈ ఇనుము నీళ్ళలో వెంట్రుకంత పగులు ఇస్తుంది, అప్పటికప్పుడు కనపడదు, నెల తర్వాత ముక్క చేతికొస్తుంది. ముంచాక ఆకురాయి వేసి చూడాలి. గాజు మీద జారినట్టు జారితే సరిగ్గా పట్టినట్టు. అలాగే వదిలేస్తే పెళుసు, కింద పడితే పోతుంది. అందుకని ఒక పక్క గీకి మెరుపు తెచ్చి, వీపు వైపు నుంచి మెల్లగా వేడి చేస్తాడు. ఎండుగడ్డి రంగు వీపు నుంచి వాదర వైపు పాకుతూ వస్తుంది. అది అంచుకి చేరగానే ఆపెయ్యాలి. నీలం దాకా పోనిచ్చారో, మళ్ళీ లారీ స్ప్రింగే మిగుల్తుంది.

మెటలర్జీ మాస్టారు, బరంపురం

డిప్లొమా పిల్లలకి లోహాల పాఠం చెప్పేవాణ్ణి, ఇప్పుడు రిటైరయ్యాను. కొలిమి బాబు రాసిందాంట్లో ఒక్క ముక్క తీసెయ్యక్కర్లేదు. ఆ అయస్కాంతం అంటుకోవడం మానేది 770 డిగ్రీల దగ్గర. ముంచాల్సిన వేడి 830 ప్రాంతం. వాళ్ళ నాన్నగారు "ఇంకాస్త గాలి కొట్టి" అన్నది సరిగ్గా ఆ తేడా. నేను బోర్డు మీద గంట చెప్పేది ఆయన తీగకి వేలాడదీశాడు.

"తప్పు ఇనుముది కాదు" అన్న మాట మాత్రం ఒప్పుకోను. కమాను పట్టీలో కార్బన్ సుమారు 0.6 శాతం. వీజీ-10లో ఒక శాతం, దాని మీద 15 శాతం క్రోమియం, కొంచెం మాలిబ్డినం, వెనేడియం, కోబాల్టు. ఎక్కువైన కార్బన్ క్రోమియంతో కలిసి చిన్న చిన్న గట్టి పలుకులుగా మారుతుంది. వాటిని కార్బైడ్లు అంటాం. సున్నం గోడ గోరుకి రాలుతుంది, అదే సున్నంలో గులకలు కలిపితే గోరు అరుగుతుంది. ఇదీ అంతే. గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో మంచి కమ్మరి కత్తి 55 దగ్గర ఉంటే, జపాన్ కత్తి 60 దగ్గర ఉంటుంది.

పదును నిలకడ కొలవడానికి ఇంగ్లండులోని షెఫీల్డ్ వాళ్ళ యంత్రం ఒకటుంది. ఐదు శాతం ఇసుక కలిపిన అట్ట కట్టని కత్తి కింద పెట్టి, ముందుకీ వెనక్కీ లాగుతూ మొత్తం ఎంత మందం తెగిందో లెక్కేస్తారు. ఐఎస్ఓ 8442-5 అని దానికో ప్రమాణం కూడా ఉంది. అరుగుదల వరకే చూస్తే ఆ పరీక్షలో వీజీ-10 ముందు కమాను పట్టీ నిలవదు.

ఖాళీ బుర్ర

ఉల్లిపాయలో ఇసుకెక్కడుంది మాస్టారూ? అట్టముక్కల కూర వండే పెళ్ళి ఉంటే చెప్పండి, భోజనానికొస్తాం 😀

మెటలర్జీ మాస్టారు, బరంపురం

నవ్వకండి. కంద, చేమదుంప మన ఊళ్ళల్లో మట్టితోనే దిగుతాయి. ఆ తొక్క మీద పది నిమిషాలు తరిగితే వాదర ఏమవుతుందో వంటసాల గారిని అడగండి. అంతకంటే పెద్ద శత్రువు కింద ఉండేది. గ్రానైటు బండ మీదో స్టీలు పళ్ళెంలోనో తరిగితే ఏ దేశం కత్తయినా మూడు రోజుల ముచ్చటే.

అయితే ఆ యంత్రం చూడనిది ఒకటుందని నేనూ ఒప్పుకుంటాను. అది నిటారుగా కోస్తుంది. మెలిపెట్టదు, ఎముకని తగలదు, బకెట్టులో పడదు. మెత్తటి వాదర మడత పడుతుంది, గట్టి వాదర పెచ్చు ఊడుతుంది. మడతని రాయి మీద నిలబెట్టొచ్చు, ఊడిన పెచ్చుకి చుట్టూ ఉన్న ఇనుమంతా అరగదీయాలి. వంటసాల గారి పనసకాయ కథ అదే.

సిరోంచ మటన్ కొట్టు

మీరందరు కూరగాయలోళ్ళు. మాది సిరోంచ, ప్రాణహిత ఒడ్డున. పొద్దున ఐదింటికి మేకతోని నా దినం మొదలైతది. జపాన్ కత్తి సంగతి నాకు తెల్వదు. నా దగ్గర తోలు తీసే కత్తి మిషన్ రంపం బ్లేడుతోని చేసింది. వర్క్‌షాపుల్లో ఇనప కడ్డీలు కోసే పెద్ద బ్లేడు ఉంటది గద, పళ్ళు అరిగినంక పారేస్తరు, అది. నాలుగు మేకలు దాటినా రాయి అడగదు. గ్రైండరు మీద నీలం తేలినా దాని గట్టిదనం పోదు. కమాను పట్టీకి అట్ల నీలం తేలిందంటే ఆ జాగల పదును పోయినట్టే.

బొక్కలు కొట్టేది మాత్రం కమాను పట్టీదే. ఆ రంపం కత్తి ఒక్కసారి బొక్కకు తగిలి రెండు ముక్కలైంది, ఒక ముక్క మా తమ్ముని చెప్పులకు గుచ్చుకున్నది. అప్పటిసంది రెండిట్ని వేరే వేరే మేకులకు తగిలిస్తున్న. వెదురు కొట్టనీకి మా దిక్కు మరాఠోళ్ళు కోయతా వాడుతరు, దానికి కూడ లారీ పట్టీనే. ఒక్క కత్తితోని అన్ని పనులు చేస్త అనేటోడు ఏ పనీ చెయ్యనోడు.

మెటలర్జీ మాస్టారు, బరంపురం

సిరోంచ తమ్ముడూ, అది హైస్పీడ్ స్టీలు. టంగ్‌స్టన్, మాలిబ్డినం ఉంటాయి కాబట్టే వేడికి లొంగదు. చదివేవాళ్ళకి ఒక జాగ్రత్త: ఇప్పుడొచ్చే బ్లేడ్లలో చాలావాటికి పళ్ళ అంచు మాత్రమే ఆ స్టీలు, వెనకది మామూలుది. పళ్ళు అరగదీసి కత్తి చేశారంటే అసలు సరుకు చెత్తలో పోసి, మిగిలిందానికి పిడి తొడిగినట్టు.

రాయగడ పిన్ని

మగవాళ్ళందరూ గట్టిదనం దగ్గరే తిరుగుతున్నారు. పులుపు మాటెవరూ ఎత్తలేదేం?

మా ఇంట్లో పెద్ద కత్తిపీట ఉంది, మా అత్తగారిది. పక్కింటి ఒడియా ఆవిడ దాన్ని వాళ్ళ భాషలో "పనికి" అంటుంది, ఆవిడింట్లోనూ అలాంటిదే. ఆవకాయ రోజుల్లో ఇద్దరం వసారాలో ఎదురెదురుగా కూర్చుంటాం. టెంకతో సహా కాయ రెండుగా విడిపోవాలి. ఆ దెబ్బకి ఇనప పీట తప్ప ఇంకేదీ ఆగదు. కానీ ముప్పై కాయలయ్యేసరికి వాదర నల్లబడిపోతుంది, వేలితో తడిమితే గరుకు తగులుతుంది. ముక్కల అంచు కూడా నల్లగా కనపడుతుంది, గుడ్డతో తుడుచుకుంటూ కోస్తాం. అరటిదవ్వ, అరటిపువ్వు అయితే చెప్పక్కర్లేదు. రాత్రి ఆముదం రాయడం మర్చిపోతే తెల్లారేసరికి తుప్పు.

నిమ్మకాయలకీ, పులిహోర మామిడి కోరుకీ మాత్రం స్టీలు చాకే తీస్తాను. ఇనప చాకు వాదరని పులుపు తినేస్తుంది. అంచు ఎంత సన్నగా ఉంటే అంత తొందరగా తింటుంది. మీ షెఫీల్డ్ అట్టలో చింతపండు కలుపుతారా మాస్టారూ?

ఇంకోటి, బజారులో స్టీలు చాకంటే స్టీలు చాకే అనుకోకండి. నేనొకటి కొన్నాను, తళతళా మెరిసింది, రెండో రోజుకే గరిటె. మా అబ్బాయి ఫ్రిజ్ మీది అయస్కాంతం పెట్టి చూస్తే అంటుకోలేదు.

మెటలర్జీ మాస్టారు, బరంపురం

కలపరమ్మా, ఓడిపోయాను. పులుపు విషయం నేను ముందే చెప్పాల్సింది. మీ అబ్బాయి పరీక్ష భేషైనది. అయస్కాంతం అంటుకోని స్టీలు గిన్నెలు చేసే రకం. దాన్ని ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. అంటుకున్నంత మాత్రాన మంచి కత్తని కాదు గానీ, అంటుకోకపోతే కొనొద్దు.

వంటసాల గారికి నా సలహా మధ్యరకం. జర్మన్ వంట కత్తుల్లో వాడే స్టెయిన్‌లెస్ ఒకటుంది: కార్బన్ 0.5 శాతం, క్రోమియం 15, గట్టిదనం 56 దగ్గర. పులుపుకి లొంగదు, పడితే పెచ్చు ఊడదు, రాయి మీద సులువుగా వస్తుంది.

గుణుపురం కొలిమి

55 మాది, 56 వాళ్ళది. ఆ ఒక్కదానికి పదింతల డబ్బు పొయ్యాలా మాస్టారూ? ఆరుగురికి ఆ కత్తులు కొన్న డబ్బుతో నాన్న ఈ జిల్లాకంతటికీ కత్తులు చేస్తాడు.

ఖాళీ బుర్ర

జర్మనీ, జపాన్ ఎందుకండీ, ప్రపంచానికి ఉక్కు నేర్పింది మనం. మన తెలంగాణ కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులొచ్చారు. ఇంగ్లీషువాళ్ళ "వూట్జ్" మన ఉక్కే. పాత డమాస్కస్ కత్తులు దాంతో చేసినవే. ఆ డమాస్కస్ కత్తి కొనుక్కోండి, ఆన్‌లైన్లో అలల గీతలతో దొరుకుతున్నాయి.

గుణుపురం కొలిమి

తమ్ముడూ, కోనసముద్రం గొప్ప నిజమే. మట్టి మూసల్లో మూసిపెట్టి కరిగించి, నెమ్మదిగా చల్లార్చిన ఉక్కు అది, కార్బన్ ఒకటిన్నర శాతం దాకా. నువ్వు ఆన్‌లైన్లో చూసేది వేరు. రెండు రకాల ఇనుము మడతలు వేసి కొట్టి యాసిడ్‌లో ముంచుతారు, గీతలు తేలతాయి. కొన్నిట్లో అదీ లేదు, పైన అచ్చు గుద్దిందే. గీతలు ఉల్లిపాయని కొయ్యవు.

వంటసాల బాబాయ్, మీ కత్తులు రెండు తెండి. ఊరికే పదును పెట్టి చూపిస్తాను. నచ్చకపోతే జపాన్ కొనుక్కోండి.

పర్లాకిమిడి వంటసాల

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. గుణుపురం వెళ్ళొచ్చాను. వాళ్ళ నాన్నగారు నా కత్తిని చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, "ఇది కత్తా, గొడ్డలా?" వాదర వెనక అంత మందం ఉందట. ముందు దాన్ని సన్నం చేశారు, తర్వాత కాల్చి ముంచారు. ఆకురాయి జారిన చప్పుడు నేనే విన్నాను, చీమల మందు డబ్బా మీద మేకు గీసినట్టు కీచుమంది. మందం, కోణం మీద మాస్టారు ఏమంటారో తెలీదు గానీ సగం తేడా అక్కడే వచ్చిందని నాకనిపించింది.

మొన్నటి పెళ్ళిలో ఆ కత్తితో ఉల్లిపాయల బస్తా పూర్తిగా తరిగాం, చివరి టమాటా కూడా జారలేదు. మర్నాడు మామిడికాయ పులిహోర. పిన్నిగారన్నట్టే, కాయలు సగం కాకుండానే మొండికేసింది, నల్లబడింది. జపాన్ కత్తి పెచ్చు నేనే తీశాను. గరుకు రాయి మీద గంటన్నర పట్టింది, భుజం పోయింది. ఇప్పుడది నా పెట్టెలో ఉంటుంది, తాళం నా మొలతాడుకి ఉంటుంది.

లెక్క ఇలా తేలింది: నాలుగు కమాను పట్టీవి, పులుపుకి ఒక మామూలు స్టెయిన్‌లెస్, పనసకీ కందకీ పాత కత్తిపీట. మేనల్లుడు అలిగాడు.

మెటలర్జీ మాస్టారు, బరంపురం

కోణం మీద మీకు కలిగిన అనుమానం నిజం. ఒకే స్టీలు వాదర కోణాన్ని ఒక్కో పక్క 25 డిగ్రీల నుంచి 15కి తెస్తే కోత చాలాసేపు నిలుస్తుంది. మరీ సన్నమైతే మెత్తటి ఇనుము మడత పడుతుంది, అది చూసుకోండి. కానీ నాలుగు ఇనప కత్తులు మీ కుర్రాళ్ళ చేతిలో పెట్టారు. పని కాగానే కడిగి, తుడిచి, ఆరబెడతారా? పెళ్ళింట్లో కత్తులన్నీ ఎంగిలి నీళ్ళ బకెట్టులోకి పోవడం నా కళ్ళారా చూశాను. నేనింకా స్టెయిన్‌లెస్ వైపే.

పర్లాకిమిడి వంటసాల

నిజమే మాస్టారూ, మొదటి రోజే వేశారు. అందుకే ఆ బకెట్టు తీయించి గోనెపట్టా పరిపించాను. తుప్పు రాలేదు గానీ ఇంకో తంటా. మా ఊరు కొమ్ము బొమ్మలకి పేరున్న ఊరు కదా, ముచ్చటపడి రెండు కత్తులకి కొమ్ము పిడులు వేయించాను. గంజి గుండిగ కడిగిన మరిగే నీళ్ళలో మావాడు వాటినీ ముంచాడు. పిడి మెత్తబడి వంకర తిరిగింది, ఇప్పుడు కత్తి లొటలొటలాడుతోంది.

గుణుపురం కొలిమి

కొమ్ము అలమారులో అందం బాబాయ్. తుమ్మ చెక్క ఒకటి ఎండబెట్టింది తెచ్చుకోండి. ఆదివారం పదిలోపు రండి, తర్వాత నాకు ఆటో బేరముంది.