ప్రాణం మీదికొస్తే కథల మంచోడు మారుతడా?

కాజీపేట కథకుడు:
నేను రాసిన కథ మీద మీ మాట కావాలె. వాగు పొంగి ఊరు మునుగుతది. ఒక స్లాబు మీద మూడు ఇండ్లోళ్లు, ఉన్నది ఒకటే మోకు. ముప్పై ఏండ్లు ఊరి పిల్లలకు చదువు చెప్పిన సారు, పక్కింటామె తన బిడ్డ నడుముకు కడుతున్న మోకును గుంజుకొని తన కొడుక్కు కడతడు. అదే సారు అసలు రంగు అని నా ఉద్దేశం. కడుపు నిండి ఉన్నప్పుడు అందరు మంచోళ్లే. దోస్తులేమో ‘సారు అట్ల చెయ్యడు’ అంటున్నరు.

ములుగు చదువరి:
అన్నా, ‘అసలు రంగు’ అన్న మాటతోనే నా పంచాయితి. ముప్పై ఏండ్ల మంచితనం వేషమై, ఒక్క గడియ భయమే నిజమెట్లయితది?

మహాభారతం శాంతిపర్వంల విశ్వామిత్రుణ్ణి చూడు. పన్నెండేండ్ల కరువు. ఆకలికి ఆగలేక ఊరవతలి వాడల ఒక ఇంట్ల కుక్కమాంసం దొంగిలించబోయి దొరికిపోతడు. ఇంటాయన తప్పంటడు. బతికి ఉంటేనే గద ధర్మం చేసేది అని ఋషి వాదిస్తనే ఉంటడు. చివరికి తెచ్చుకొని వండినంక, ముందుగాల దేవతల భాగం తీస్తడు! ఆకలి ఆయనను దొంగను చేసింది గని, ఆ మొండితనం, ఆ నియమం పోలే.

2023 జులై వానలు మాకింక కండ్లల్లనే ఉన్నయి. మా జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్లు పడ్డది. అవతల భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి మునిగి జనం ఇండ్ల మీదికి, చెట్ల మీదికి ఎక్కిండ్రు, హెలికాప్టర్ రావాల్సి వచ్చింది. మా ఇంట్లకు నీళ్లొచ్చినప్పుడు నాయనమ్మ పట్టా పాసుబుక్కును కవర్ల చుట్టి బొడ్ల చెక్కుకుంది. గడప దాటినంక మళ్ల వెనక్కి పోయింది, మోకాల్లోతు నీళ్లల్ల. ఎందుకో తెలుసా? పాలగిన్నె మీద మూత పెట్టనీకి. అంత భయంల గూడ చెయ్యి రోజు చేసే పనే చేస్తది.

నీ సారు మోకు గుంజుకుంటే నాకు అభ్యంతరం లేదు. ముప్పై ఏండ్లు హాజరు పిలిచిన మనిషి, స్లాబు మీద పిల్లలను లెక్కపెట్టకుంట ఉంటడా? లెక్కపెట్టి గూడ తన కొడుక్కే కట్టిండనుకో, అప్పుడు నాకు వణుకు పుడతది.

కరీంనగర్ మిత్రుడు:
అలవాటే అన్నీ నడిపిస్తుందంటే నేను ఒప్పుకోను. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆకలి మీద ఒక ప్రయోగం జరిగింది. మనస్సాక్షి ఒప్పక యుద్ధానికి వెళ్లని 36 మంది తమంతట తామే ముందుకొచ్చారు. ఆరు నెలల అర్ధాకలికే చిరాకు, ఎప్పుడూ తిండి ధ్యాస, కంచాలు నాకడం. కొందరు మాట తప్పి చాటుగా తిన్నారు. అలాంటి గట్టి మనుషులే సడలిపోయారు కదా!

ములుగు చదువరి:
నిజమే, అది ఒప్పుకుంట. కాని వాళ్లకు నెలలు పట్టింది. ఈ కథ ఒక్క రాత్రిది. కరువు మనిషిని మెల్లమెల్లగ అరగదీస్తది, దానికి పేజీలు గావాలె. వరదల అంత సమయం ఎక్కడిది?

కాజీపేట కథకుడు:
అసలు రంగు మాట నేనింక వదల్లే. కాని ఆ లెక్కపెట్టుడు రాత్రంత నన్ను పండనియ్యలే. ఇట్ల మార్చిన: సారు పెదవులు కదులుతయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగోది పక్కింటామె బిడ్డ. ఆ పిల్ల ‘ప్రెజెంట్ సార్’ అంటది. సారు చెయ్యి అప్పటికే మోకు మీద ఉన్నది.

ఇక్కడ ఆగిన. ఇంక గుంజుకోవాల్నా వద్దా, మీరే చెప్పుండ్రి.