మెడికల్ షాపుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: ఓనర్‌ని ముందు ఏం అడగాలి?

ప్రశ్న:
మా ఊళ్లో మెడికల్ షాపు ఆయన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిపెట్టమన్నారు. ఏం కావాలండీ అంటే "అందరికీ ఉండేదే" అంటున్నారు, అంతకుమించి ఒక్క ముక్క రావట్లేదు. ఎన్ని రోజులు, ఎంత అవుతుంది మాత్రం రేపే చెప్పాలట. ఏం అడగను?

జవాబు:
అడగడం మానేసి సాయంత్రం రష్ టైమ్‌లో కౌంటర్ పక్కన ఓ గంట నిలబడండి బ్రో. పది మాత్రల స్ట్రిప్పులో నాలుగు కత్తిరించి ఇస్తారు, మిగతా ఆరు స్టాక్‌లో ఎలా చూపిస్తారు? ఒకే మందు రెండు బ్యాచ్‌లు, రెండు ఎమ్మార్పీలు, వేర్వేరు ఎక్స్‌పైరీలు ఉంటే ముందు ఏది పోవాలి? ఎక్స్‌పైరీ అయినవి డిస్ట్రిబ్యూటర్‌కి వాపసు పంపితే ఆ లెక్క ఎక్కడ రాస్తున్నారు? ఇవన్నీ ఆయనకి రోజూ చేసే పనులు, చెప్పాల్సిన విషయాలని తోచదు.

జవాబు:
కరెక్టే గానీ ఓనర్‌తోనే ఆగిపోవద్దు, బిల్లు కొట్టేది కౌంటర్ కుర్రాడు. అతనికి మౌస్ పట్టే టైమ్ ఉండదు, అంతా కీబోర్డు మీదే అయిపోవాలి. షెడ్యూల్ హెచ్1 మందులకి (డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన, చట్టంలో విడిగా లిస్టు చేసిన కొన్ని మందులు) డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎంత ఇచ్చారో విడిగా రిజిస్టర్‌లో రాసి 3 ఏళ్లు ఉంచాలి, ఓనర్ అడిగినా అడక్కపోయినా అది ఉండాల్సిందే. జీఎస్టీ రేటు కోడ్‌లో పాతేయకండి, తర్వాత మార్చుకునేలా పెట్టండి; 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందులు 12 నుంచి 5 శాతానికి వచ్చాయి, పాత బిల్లు తీస్తే మాత్రం పాత రేటే కనపడాలి.

ప్రశ్న వేసినవారు:
హెచ్1 సంగతి అసలు తట్టలేదు. మరి రేపు ఎంతని చెప్పను?

జవాబు:
చెప్పకండి, "చూసొచ్చి చెప్తానండీ" అనండి. అరువు ఖాతాల నోటుబుక్కు కూడా అడిగి చూడండి. అన్నీ ఒక పేజీలో తెలుగులోనే రాసి, ఏవి ఇప్పుడు ఏవి తర్వాత అని ఆయన చేతే టిక్ పెట్టించి, వాట్సాప్‌లో ఓకే వచ్చాకే రేటు.