వ్యక్తి మారడం ముందా, వ్యవస్థ మారడం ముందా?

ప్రశ్న (జిజ్ఞాసువు)

తత్త్వశాస్త్రాన్నీ రాజకీయ చింతననూ కొన్నేళ్లుగా పక్కపక్కన పెట్టుకొని చదువుతున్నాను. ఎంత చదివినా ఒక చిక్కుముడి మాత్రం విడడం లేదు కనుక మీ అందరి ముందు పెడుతున్నాను.

ప్రాచీన గ్రీకు, రోమన్ తత్త్వవేత్తలైన స్టోయిక్కులను చదివినప్పుడు, మనిషి వశంలో ఉన్నవి అతని ఆలోచనలూ నిర్ణయాలూ మాత్రమేననీ, వాటిని చక్కబెట్టుకొన్నవాడికి బయటి పరిస్థితులు అడ్డు కాలేవనీ నమ్మకం కలుగుతుంది. వారిలో ఒకడైన ఎపిక్టెటస్ బానిసగా బతికి, ఆ తరువాత విముక్తుడైనవాడు కాబట్టి, ఇది కడుపు నిండినవాడి నీతిబోధ అని తోసిపుచ్చడానికీ వీల్లేదు. ఆ పుస్తకం మూసి, మార్క్స్ 1844లో రాసిపెట్టుకొన్న, 1932 దాకా పూర్తిగా వెలుగు చూడని రాతప్రతులను తెరిస్తే ఆ నమ్మకం తలకిందులవుతుంది. తాను చేసే పని మీద గానీ, ఆ పని ఫలితం మీద గానీ ఏ అధికారమూ లేని మనిషికి ఆత్మవికాసం గురించి చెప్పడం అతన్ని వెక్కిరించడమే కదా అనిపిస్తుంది.

ఈ రెండు పక్షాలవారూ ఒకరి మాట ఒకరు వినిపించుకోరు. వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసాలిచ్చేవారు జీతం, పనిగంటలు, చట్టం అనే మాటలు రాగానే అవన్నీ సాకులంటారు. రాజకీయ కార్యకర్తలు పట్టుదల, అభ్యాసం, శీలం అనగానే వ్యవస్థ మారితే అవి వాటంతటవే వస్తాయంటారు. ఒక మనిషి తనలోని శక్తులను నిండుగా వినియోగించుకోవడానికి వీటిలో ఏది ముందు? లేక ఈ ప్రశ్న వేసిన తీరులోనే లోపం ఉందా?

సమాధానం (పాత పుస్తకాలు)

జిజ్ఞాసువు గారూ, దీనిని ముందువెనుకల తగాదాగా చూసినంతకాలం తేలదు. అరిస్టాటిల్ నీతిశాస్త్రం చివరి అధ్యాయాన్ని మరోసారి తిరగేయండి. మంచి మాటలు విన్నంత మాత్రాన జనం మంచివారు కారనీ, పసితనం నుంచి అలవాటు పడాలనీ, ఆ అలవాట్లను నిలబెట్టేవి చట్టాలే కాబట్టి రాజ్యవ్యవస్థల సంగతి తేల్చుకోక తప్పదనీ చెప్పి, ఆయన అక్కడి నుంచి నేరుగా రాజనీతిలోకి నడుస్తాడు. ఇళ్లు కట్టీ కట్టీ మేస్త్రీ అయినట్టే న్యాయమైన పనులు చేసీ చేసీ మనిషి న్యాయవంతుడవుతాడన్నది ఆయన సిద్ధాంతం. కట్టడానికి ఇల్లు అప్పగించేవాడు లేకపోతే మేస్త్రీ ఎలా తయారవుతాడన్న ప్రశ్న ఆ సిద్ధాంతంలోనే దాగి ఉంది.

విచిత్రమేమిటంటే, ఆ ప్రశ్నను ఆయన చివరిదాకా అడగలేదు. స్వభావరీత్యా బానిసలైనవారు ఉంటారనీ, స్త్రీకి యోచనాశక్తి ఉన్నా దానికి అధికారం ఉండదనీ అదే కలంతో రాశాడు. శక్తులు అభ్యాసం వల్ల పెరుగుతాయని చెప్పిన మనిషి, అభ్యాసానికి అవకాశమే ఇవ్వనివారిలో ఆ శక్తులు కనబడకపోతే అది వారి పుట్టుక లక్షణమని తీర్పు చెప్పాడు. రెండు వేల ఏళ్లకు పైగా గడిచాక, 1869లో, ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ ఈ తీర్పునే తిరగదోడాడు. స్త్రీ స్వభావం అని జనం పిలుస్తున్నది కొన్ని వైపుల బలవంతంగా అణచగా, మరికొన్ని వైపుల అసహజంగా పెంచగా తయారైన కృత్రిమ వస్తువనీ, స్త్రీ పురుషులు ఇప్పుడున్న సంబంధంలో ఉన్నంతవరకు వారి అసలు స్వభావం ఎవరికీ తెలిసే వీలు లేదనీ ఆయన వాదన. ఆ మాట ఆయన పుస్తకాలకే పరిమితం చేయలేదు. అంతకు రెండేళ్ల ముందు బ్రిటిష్ పార్లమెంటులో, ఓటుహక్కు బిల్లులోని ‘పురుషుడు’ అన్న పదాన్ని ‘వ్యక్తి’గా మార్చాలని సవరణ ప్రతిపాదించి 73 ఓట్లు తెచ్చుకొన్నాడు. వ్యతిరేకంగా 196 పడ్డాయి.

ఇందులోంచి నాకు తేలేది ఒక్కటే. మనిషి సామర్థ్యం ఎంతో ముందుగా కొలిచి, ఆ కొలతను బట్టి అవకాశం ఇస్తామనే పద్ధతి ఎక్కడున్నా అది తప్పు కొలతే అవుతుంది, ఎందుకంటే కొలవవలసిన వస్తువు అవకాశం దొరికిన తరువాత గానీ ఏర్పడదు. లోపల ఎక్కడో పూర్తిగా తయారై కూర్చున్న ప్రతిభను వెలికితీయడం అనే ఊహ వినడానికి బాగుంటుంది గానీ, దానివల్ల కలిగిన మేలు కంటే కీడే ఎక్కువని నా అభిప్రాయం. కనబడని ప్రతిభ లేనట్టేనని తేల్చేయడానికి అది చాలా అనుకూలమైన ఊహ.

సమాధానం (సాయంత్రపు బడి)

నేను పుస్తకాల వైపు నుంచి కాకుండా పాఠం చెప్పేవాడి వైపు నుంచి మాట్లాడతాను. కొంతకాలం పెద్దవాళ్లకు సాయంత్రం పూట అక్షరాలు నేర్పాను. వారిలో నడివయసు దాటిన ఒకాయన ఉండేవారు. పలక మీద ఆయన చెయ్యి ఎప్పుడూ గట్టిగా నొక్కుకొనేది, బలపాలు విరిగిపోతూ ఉండేవి. కూడబలుక్కొని చదవడం వచ్చిన తరువాత ఆయన తరగతికి తెచ్చినది కథల పుస్తకం కాదు, మడతలు పడి నలిగిపోయిన తన జీతం చీటీ. ఒక్కో గడి మీద వేలు పెట్టి చదువుతూ, కోతలున్న వరుస దగ్గర ఆగి, “ఇది దేనికి పట్టుకొన్నారండీ?” అని అడిగారు. నాకూ తెలియలేదు. మరునాడు ఆయన పనిచేసే చోట అదే ప్రశ్న అడిగారు. అంతకుముందు ఆ చీటీని అందరూ వేలిముద్ర వేసి జేబులో పెట్టుకొనేవారట. ఆ తరువాత మరికొందరు కూడా తమ చీటీలు ఆయన చేత చదివించుకోవడం మొదలుపెట్టారు.

ఆ ప్రశ్నలో ఆత్మవికాసం ఎంత, రాజకీయం ఎంత అని మీరు విడదీయగలరేమో ప్రయత్నించండి. నా వల్ల కాలేదు.

అక్షరానికి ఈ శక్తి ఉందని చదివించినవారి కంటే చదువు వద్దన్నవారికే బాగా తెలుసు. అమెరికాలో బానిసగా పుట్టి తప్పించుకొన్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో అచ్చువేసిన తన స్వీయచరిత్రలో, తనకు అక్షరాలు నేర్పుతున్న యజమానురాలిని ఆమె భర్త ఎలా ఆపాడో రాశాడు. చదువు నేర్పితే ఇక వీడు బానిసగా పనికిరాడని ఆ యజమాని కోపంతో చెప్పిన మాటలోనే, విముక్తికి దారి ఎటుందో ఆ పిల్లవాడికి అర్థమైంది. ఆ పైన వీధి పిల్లలకు రొట్టె ముక్కలు పెట్టి మరీ వారి దగ్గర పాఠం చెప్పించుకొన్నాడు. పట్టుదల లేదనగలమా? ఆ పట్టుదలను నేరంగా చూసిన వ్యవస్థ లేదనగలమా?

సమాధానం (అనుమానం మనిషి)

పై ఇద్దరితోనూ చాలావరకు ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయవలసి ఉంది. రాజ్యం మనుషుల సామర్థ్యాన్ని పెంపొందించాలనగానే, ఏ సామర్థ్యం, ఎవరు నిర్ణయించినది అన్న ప్రశ్న వస్తుంది. రాజకీయ తత్త్వవేత్త ఐసయా బెర్లిన్ 1958లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో భయపడింది దీని గురించే. నీ అసలైన ‘నేను’ ఏమి కోరుకొంటుందో నీకంటే నాకే బాగా తెలుసునని పాలకుడు అనుకోవడం మొదలైతే, నిన్ను నిర్బంధించడాన్ని కూడా నీకు ప్రసాదించిన స్వేచ్ఛగా చూపించగలడు. మనిషిని కొత్తగా తయారుచేస్తామని బయలుదేరిన ప్రభుత్వాలు గత శతాబ్దంలో ఏమి చేశాయో మనకు తెలుసు.

రెండో సంగతి మిల్ గురించే. మూడేళ్ల వయసులో గ్రీకు మొదలుపెట్టించిన తండ్రి చేతిలో, సంస్కరణోద్యమానికి సిపాయిగా పెరిగినవాడాయన. ఇరవయ్యో ఏట, 1826లో, తాను కోరుతున్న సంస్కరణలన్నీ ఈ క్షణమే నెరవేరితే నాకు ఆనందం కలుగుతుందా అని తనను తాను ప్రశ్నించుకొన్నాడు. లోపలి నుంచి వచ్చిన జవాబు ‘లేదు’. ఆ కుంగుబాటు నుంచి తేరుకోవడానికి ఆయనకు తోడ్పడిన వాటిలో వర్డ్స్‌వర్త్ కవిత్వం ఒకటి. కాబట్టి రాజకీయ లక్ష్యం ఎంత న్యాయమైనదైనా, దాని కోసం పనిచేసేవాడి లోపలి ఖాళీని అది నింపుతుందని హామీ లేదు. కార్యకర్తల శిక్షణ తరగతుల్లో మిల్ ఆత్మకథలోని ఈ అధ్యాయం చదివిస్తే బాగుండునని చాలాసార్లు అనుకొన్నాను. ఎవరూ ఒప్పుకోరనుకోండి.

జిజ్ఞాసువు

అందరికీ కృతజ్ఞతలు. జీతం చీటీ సంగతి నా ప్రశ్నను చాలావరకు మార్చేసింది. అనుమానం మనిషి గారి హెచ్చరిక మాత్రం కొత్త చిక్కు తెచ్చింది. ఏది వికాసమో రాజ్యం నిర్ణయించకూడదంటే, రాజ్యం ఊరుకోవడం తప్ప చేయదగినది ఏముంటుంది? ఊరుకొంటే ఉన్నవాడే మళ్లీ పైకి వస్తాడు కదా?

సమాధానం (పాత పుస్తకాలు)

మధ్యలో దారి ఉంది. అమర్త్య సేన్ 1979లో స్టాన్‌ఫర్డ్‌లో, సమానత్వం కావాలి సరే, దేనిలో సమానత్వం అని అడిగాడు. నడవలేని మనిషికీ నడవగలిగిన మనిషికీ ఒకే ఆదాయం ఇస్తే ఇద్దరికీ ఒకే జీవితం ఇచ్చినట్టు కాదు. కనుక చేతికిచ్చిన వస్తువును కాకుండా, దానితో ఆ మనిషి నిజంగా ఏమి చేయగలడో, ఏమి కాగలడో చూడాలన్నాడు. ఉపవాసం ఉన్నవాడి కడుపూ, తిండి దొరకనివాడి కడుపూ ఒకేలా ఖాళీగా ఉంటాయి. మొదటివాడు కావాలనుకొంటే తినగలడు. రాజ్యం పూచీ పడవలసింది ఆ ‘కావాలనుకొంటే’ అన్న దానికి. తినాలా వద్దా అన్నది అతని ఇష్టం. 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ నాయకత్వంలో ఐక్యరాజ్యసమితి తొలి మానవాభివృద్ధి నివేదిక వెలువరించినప్పుడు ఆదాయం పక్కన ఆయుర్దాయాన్నీ చదువునూ చేర్చి కొలవడానికి వెనుక ఉన్న ఆలోచన ఇదే.

అయితే ఆ కొలతలో విడిగా లేనిదీ, నా దృష్టిలో చదువంత ముఖ్యమైనదీ ఇంకొకటి ఉంది, తీరిక. అక్షరం వచ్చినా, పని ముగించుకొని ఇల్లు చేరేసరికి కళ్లు మూతపడేవాడికి ఎంచుకోవడానికి ఏమి మిగిలింది? సాయంత్రపు బడి గారిని ఒకటి అడగాలి. మీ తరగతి మధ్యలో మానేసినవారు ఏ కారణం చెప్పేవారు?

సమాధానం (సాయంత్రపు బడి)

మగవారు ఎక్కువగా పనివేళలు మారాయని చెప్పేవారు. ఆడవారు కారణం చెప్పేవారు కాదు, రావడం మానేసేవారు. ఇంటికి వెళ్లి అడిగితే, ఆ వేళకు ఇంట్లో పని ఎవరు చేస్తారని మమ్మల్నే ఎదురు అడిగేవారు. తరగతిని మధ్యాహ్నానికి మార్చి, పిల్లలను వెంట తెచ్చుకోవచ్చని చెప్పిన తరువాత కొందరు తిరిగి వచ్చారు. అంతకుముందు వారికి చదువు మీద ఆసక్తి లేదని మా రిజిస్టరులో రాసి ఉంది.