హెడ్జ్ ట్రిమ్మర్ ఏది కొనాలి? బుర్ర పనిచేయడం లేదు

కొత్తతోట:
పొద్దున్నుంచి ఇదే పని. లెక్కలేనన్ని వీడియోలు చూశాను. ఒకాయన బ్యాటరీది తప్ప ముట్టుకోవద్దంటాడు, ఇంకొకాయన దాన్ని ఆటబొమ్మ అంటాడు. బ్లేడు ఒకచోట 45 సెంటీమీటర్లు, ఇంకోచోట 60. వోల్టులు, ఆంపియర్ అవర్లు, పళ్ల సందు... తల తిరిగిపోతోంది. మాది ఇంటి తోట, కంచెలా వరసగా పెంచిన మొక్కల మామూలు హెడ్జే. చేతి కత్తెరతో భుజం పట్టేసింది. ఒక్క మాటలో చెప్పండి, ఏది కొనాలి?

ప్లగ్‌పాయింట్:
వైరుది.

కొత్తతోట:
ఎందుకండీ?

ప్లగ్‌పాయింట్:
తేలిక. చార్జింగ్ గోల లేదు.

పాతపదును:
అలా ఒక్క ముక్కలో తేలదండీ. హెడ్జ్ ఎంత పొడవు, ఎంత ఎత్తు? కొమ్మల లావు ఎంత? దగ్గర్లో ప్లగ్ ఉందా? ఇవేవీ చెప్పలేదు మీరు. బ్లేడు పొడవు కన్నా ముందు చూడాల్సింది పళ్ల మధ్య సందు. ఇంటి వాడకానివి చాలావరకు 15 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటాయి. 20 రాసి ఉందని 20 మిల్లీమీటర్ల ముదురు కొమ్మ తెగుతుందనుకోకండి. లేత కొమ్మ సర్రున పోతుంది, ముదురుది పళ్ల మధ్య ఇరుక్కుని మిషన్ ఆగిపోతుంది. బ్లేడు పొడవైతే పైభాగం చదునుగా వస్తుంది, కానీ బరువంతా ముందుకు లాగుతుంది. చెయ్యి చాపి పది నిమిషాలు పట్టుకుంటే తెలుస్తుంది.

ఆకుపచ్చమామ:
మిషన్ సంగతి తర్వాత. అందరూ చేసే తప్పు, హెడ్జ్‌ని పైన వెడల్పుగా, కింద సన్నగా కోయడం. పైభాగం నీడ పడి కింద ఆకు రాలిపోతుంది, మోడు కాళ్లు బయటపడతాయి. కింద వెడల్పు, పైన కాస్త సన్నం ఉండాలి. కోసే ముందు లోపల పిట్టగూడు ఉందేమో చూడండి. గుడ్లుంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగండి, కొంపలేం మునగవు. ఇంకో మాట, ఎండ మాడ్చేసే రోజుల్లో కోస్తే...

ప్లగ్‌పాయింట్:
మామా, ఆయన అడిగింది మిషన్ గురించి.

ఆకుపచ్చమామ:
మొక్క బతికితే కదా నాయనా మిషన్ పని!

సెల్లుపిచ్చి:
బ్యాటరీదే తీసుకోండి. ఇంట్లో డ్రిల్లు ఉంటే అదే కంపెనీ, అదే బ్యాటరీ పట్టే ట్రిమ్మర్ ఒట్టి బాడీ మాత్రం కొనండి, ఖర్చు తగ్గుతుంది. 18 వోల్టులది, 20 వోల్టులది అని రెండు రకాలు కనిపిస్తాయి, కంగారు పడకండి, చాలాసార్లు రెండూ ఒకటే.

ప్లగ్‌పాయింట్:
18, 20 ఒకటెలా అవుతాయి? లెక్కలు రావా?

సెల్లుపిచ్చి:
వస్తాయి. లోపల ఐదు సెల్లులు వరుసగా ఉంటాయి. వాడకంలో ఒక్కోటి 3.6 వోల్టుల లెక్కన 18. నిండా చార్జ్ ఎక్కినప్పుడు ఒక్కోటి 4 దాటుతుంది, అది చూసి డబ్బా మీద 20 అని వేస్తారు. బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో పోల్చాలంటే వోల్టులని ఆంపియర్ అవర్లతో గుణించండి. 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్లంటే 36 వాట్ అవర్లు. 4 అయితే 72. దానికి తగ్గట్టు ఎక్కువసేపు నడుస్తుంది, కాకపోతే బరువూ పెరుగుతుంది.

మాటలమూట:
చర్చంతా హెడ్జ్ హెడ్జ్ అంటున్నారు. దడి అనొచ్చుగా?

పాతపదును:
దడి అంటే కంపతోనో కర్రలతోనో కట్టేదండీ. పెరిగే మొక్కలది జీవకంచె.

మాటలమూట:
జీవకంచె పొలం గట్టుకి. ఇంటి ముందు వరసకి ఆ మాట బరువు.

ప్లగ్‌పాయింట్:
అయితే ట్రిమ్మర్‌ని ఏమందాం, క్షురకయంత్రమా?

పాతపదును:
కొత్తతోట గారూ, వైరుది కొంటే ఒక జాగ్రత్త. వైరు తెగడం అందరికీ ఒకసారైనా జరుగుతుంది. వైరుని భుజం మీదుగా వెనక్కి వేసుకోండి, కోసిన వైపు నుంచి కోయని వైపుకి నడవండి. ప్లగ్ దగ్గర మొదలుపెట్టి దూరంగా జరగాలి, అప్పుడు వైరు మీ వెనకే ఉంటుంది. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల లీకేజీ ట్రిప్ బ్రేకర్ లేకుండా అసలు వాడొద్దు. సన్నటి పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరైతే వోల్టేజీ పడిపోయి మోటారు వేడెక్కుతుంది. ఇంతకీ కొమ్మల లావు చెప్పలేదు మీరు.

కొత్తతోట:
మామూలేనండీ, బొటనవేలంత. గోరింట. మూడేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు, ఎనిమిదడుగులు పెరిగింది. ఇల్లు మొన్నే తీసుకున్నాం. ప్లగ్ వెనక వంటింట్లో ఉంది, హెడ్జ్ గేటు దగ్గర.

పాతపదును:
ఇది ముందే చెప్పాల్సిందండీ! బొటనవేలంత ముదురు కొమ్మకి ఇంటి ట్రిమ్మర్ ఏదీ పనికిరాదు. ముందు పొడవు చేతుల కత్తెరతోనో మడత రంపంతోనో లావు కొమ్మలు నరికి ఎత్తు దించండి. గోరింట మళ్లీ చిగురిస్తుంది. ఆ లేత చిగురుని అదుపులో పెట్టడానికే ట్రిమ్మర్. ప్లగ్ అంత దూరమైతే బ్యాటరీదే మేలు. రెండు బ్లేడులూ కదిలే రకమైతే చేతికి అదురు తక్కువ.

సెల్లుపిచ్చి:
నేను మొదటే చెప్పాను.

ప్లగ్‌పాయింట్:
పెట్రోలుది?

పాతపదును:
ఇంటికి ఎందుకండీ! లీటరుకి 20 మిల్లీలీటర్ల నూనె కలపమంటాడు ఒక మిషన్‌కి, ఇంకోదానికి వేరే కొలత. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే కార్బురేటర్‌లో జిగురు పేరుకుంటుంది. చెవులకి రక్షణ లేకుండా దగ్గరికి వెళ్లలేం.

కొత్తతోట:
మా బావమరిది దగ్గర ఒకటి ఊరికే పడుందట, రేపు తెస్తానన్నాడు. థాంక్సండీ అందరికీ.

పాతపదును:
దాని పళ్ల సందు ఎంతో చూశారా?

ఆకుపచ్చమామ:
పిట్టగూడు చూశారా?